ముత్తాత ఓడ మునిగిన తేదీ దొరికింది: కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ రికార్డుల సేవపై సమీక్ష

మా ముత్తాత భీమిలి దగ్గరి పల్లె నుంచి కలకత్తా వెళ్లి ఓడలో కలాసీగా చేరారనీ, మళ్లీ తిరిగి రాలేదనీ మాత్రమే మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎలా పోయారన్న దానిపై రెండు కథలు ఉండేవి. తుపానులో ఓడ మునిగిందని తాతగారి అక్క చెప్పేవారు; రంగంలో (బర్మాలోని రంగూన్‌లో) మరో సంసారం పెట్టుకుని అక్కడే ఉండిపోయారని ఊళ్లో కొందరు అనేవారు. తాతమ్మ ఈ రెండింటిలో దేన్నీ ఒప్పుకోలేదు. పోయినట్టు కబురు రాలేదు కనుక మనిషి ఉన్నట్టేనని, ఆఖరి రోజు వరకూ బొట్టూ గాజులూ తీయలేదు. సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టుకునేటప్పుడు ఆయన పేరున పంచె పెట్టనిచ్చేది కాదు. ఎనభై ఏళ్లకు పైగా తేలని ఈ సంగతి కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వారి వెబ్‌సైటులో తేలింది. సముద్రం మీద మనిషిని పోగొట్టుకున్న ఇళ్లు ఈ తీరం పొడవునా ఉన్నాయి కనుక, వారికి పనికొస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

దానికి ముందు నగరంలోనే వంశవృక్షాలు తయారు చేసే ఒక సంస్థకు 12,000 రూపాయలు కట్టాను. పేరు చెప్పదలచుకోలేదు. వారు అందంగా అచ్చువేసి ఫ్రేము కట్టిన పటం ఇచ్చారు. అందులో ఏడు తరాల పేర్లు ఉన్నాయి గానీ ఏ ఒక్క పేరుకూ ఆధారం చూపలేదు. ముత్తాత పేరు కింద 'సముద్ర ప్రమాదం' అని రాశారు. అది నేను వారికి చెప్పిన మాటే.

కమిషన్ పని తీరు ఇందుకు పూర్తిగా భిన్నమైనది. 1917లో ఏర్పడిన ఈ సంస్థ రెండు ప్రపంచ యుద్ధాలలో మరణించిన సుమారు 17 లక్షల మంది వివరాలను భద్రపరిచింది. వాటిని వెతకడానికి రుసుము లేదు. సైనికులే కాక, శత్రువుల దాడిలో మరణించిన వాణిజ్య నౌకల సిబ్బంది కూడా ఇందులో ఉంటారు. రెండవ ప్రపంచ యుద్ధంలో సముద్రంలో కలిసిపోయిన భారతీయ నావికులకు సమాధులు లేవు కనుక, ఆరు వేలకు పైగా పేర్లను బొంబాయి, చిట్టగాంగ్ స్మారకాలలోని గౌరవ పుస్తకాలలో నమోదు చేశారు. అదే ఓడలలో పోయిన బ్రిటిష్ నావికుల పేర్లు లండన్ టవర్ హిల్ దగ్గర కంచు పలకల మీద నలుగురి కంటా పడేలా ఉండగా, మనవారి పేర్లు పుస్తకంలో ఉండిపోవడం నాకు బాధగానే ఉంది. అయినా ఆ పుస్తకమే లేకపోతే మా ముత్తాత పేరు లోకంలో ఎక్కడా మిగిలేది కాదు.

వెతకడం మాత్రం అంత తేలిక కాదు. పేరు కొట్టగానే దొరుకుతుందనుకుని నేను మూడు రాత్రులు వృథా చేసుకున్నాను. ఇంటిపేరు ముందు, పేరు తరువాత అనే మన పద్ధతి ఆనాటి ఓడ గుమాస్తాలకు తెలియదు. చాలామందికి ఒక్క పేరే రాసుకున్నారు, దానినీ తమకు వినిపించినట్టు రాసుకున్నారు. చివరికి దారి చూపినది మా పెదనాన్న ఇనప్పెట్టెలో దాచిన ఒక మనియార్డరు కూపను. అరచేతిలో సగమైనా లేని ఆ కాగితం మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. కలకత్తా తపాలా ముద్ర సగం మాత్రమే పడింది. వెనుక ఎవరో గుమాస్తా ఇంగ్లీషులో రాసిన పేరులో 'అప్పల' కాస్తా 'అపుల్' అయింది. ఆ అక్షరాలతోనే వెతికాను. పేరుతో పాటు వాణిజ్య నౌకాదళం అన్న విభాగాన్నీ, 1942 సంవత్సరాన్నీ ఎంచుకుని, అదనపు సమాచారం అనే గడిలో విశాఖపట్నానికి ఆనాటి ఇంగ్లీషు స్పెల్లింగు వేశాను. ఒకే ఒక్క పేరు వచ్చింది.

ఆ పేజీలో ఆరు వరుసలకు మించి లేదు. పేరు, ఇంజను గదిలో ఫైర్‌మన్ అనే హోదా, ఓడ పేరు, వయసు 31, ఫలానా వారి కుమారుడు, ఫలానా ఆమె భర్త. ఆ 'ఆమె' పేరు మా తాతమ్మది. మరణించిన తేదీ 1942 ఏప్రిల్ 6.

విశాఖ వారికి ఆ తేదీ గురించి వేరే చెప్పనక్కరలేదు. ర్యూజో అనే జపాను విమానవాహక నౌక నుంచి వచ్చిన విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేసిన రోజు అది. అదే రోజు అడ్మిరల్ ఒజావా నడిపిన నౌకాబలం బంగాళాఖాతంలో వరసగా వాణిజ్య నౌకలను ముంచుతూ పోయింది. ఊరు ఖాళీ అవుతుంటే పిల్లలను చంకన వేసుకుని పల్లెలోకి పరుగెత్తిన సంగతి తాతమ్మ బతికి ఉన్నంతకాలమూ చెప్పేది. తాను అలా పరుగెత్తిన రోజునే, ఇదే సముద్రంలో ఆయన పోయారని మాత్రం ఆమెకు చివరిదాకా తెలియలేదు. నాన్నకు ఆ పేజీ తెలుగులో చదివి వినిపిస్తే, తేదీ దగ్గర ఆపి మళ్లీ చదవమన్నారు.

ఈ సేవకు పరిమితులు ఉన్నాయి. ఈ పుస్తకాలు సిబ్బందివే గానీ ప్రయాణికులవి కావు. రంగం వెళ్తూ డెక్కు మీద కూర్చుని మునిగిపోయిన కూలీల కోసం ఇక్కడ వెతికితే నిరాశే మిగులుతుంది. తుపానులో పోయిన ఓడల వివరాలూ ఉండవు. దక్షిణాఫ్రికాలోని నెటాల్‌కు కూలీలుగా వెళ్లినవారి కోసమైతే 1860 నుంచి 1911 దాకా దిగిన లక్షా యాభై వేల పైచిలుకు మంది ఓడ జాబితాలనూ, మారిషస్ వెళ్లినవారి కోసం అక్కడి మోకా అనే ఊళ్లోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ వలస రికార్డులనూ చూడాలి. అవి వేరే శ్రమ. ఇక భాష సంగతి: అన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి కనుక ఇంట్లోని పెద్దవాళ్లు సొంతంగా వెతుక్కోలేరు. ఆ పేర్లు గుర్తుపట్టగలిగింది వాళ్లే కాబట్టి, పక్కన ఎవరో ఒకరు కూర్చోక తప్పదు.

ఐదుకు నాలుగు ఇస్తున్నాను. స్మారక పత్రం ఉచితంగానే డౌన్‌లోడ్ చేసుకుని అచ్చు తీయించాను. రికార్డులో మా ఊరి పేరు ఒక అక్షరం తప్పుగా పడింది. ఆధారాలు చూపితే సరిచేసే వీలు ఉంది కనుక కూపను నకలుతో పాటు తాతగారి బడి సర్టిఫికెట్టు నకలు కూడా సిద్ధం చేశాను. నాన్న పాత పంచాంగం తెప్పించి చిత్రభాను నామ సంవత్సరం చైత్ర బహుళంలో ఆ తిథిని గుర్తు పెట్టుకున్నారు. సంక్రాంతికి కొనే బట్టల చీటీలో ఈసారి పంచె ఒకటి ఎక్కువ రాశారు.