కాన్‌ఫ్లిక్ట్ అంటే గొడవేనా? తిరుపతిలో ఓ ఇంగ్లీష్ క్లాసు ఎలా ఉందంటే

తిరుపతిలో స్పోకెన్ ఇంగ్లీష్ అనగానే నెల రోజుల్లో గలగలా మాట్లాడిస్తాం అని ఆటోల వెనక అంటించే పోస్టర్లు గుర్తొస్తాయి కదా, ఇది ఆ బాపతు కాదు. రేణిగుంట రోడ్డులో ఒక మేడ మీద, ఉద్యోగాలు చేసేవాళ్ళ కోసం సాయంత్రం పూట నడిచే క్లాసు. పేరు రాయను, ఎందుకంటే మెచ్చుకునేదీ ఉంది, తిట్టేదీ ఉంది. రేణిగుంట, ఏర్పేడు వైపు ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలు వచ్చాక చైనా ఇంజినీర్లు మన ఊళ్ళో కనిపిస్తున్నారు. వాళ్ళతో పని జరగాలంటే ఇంగ్లీషే దిక్కు, అది వాళ్ళ భాషా కాదు, మన భాషా కాదు. మా బ్యాచ్‌లో మనవాళ్ళతో పాటు వాళ్ళూ కొందరు ఉన్నారు, అసలు ఈ క్లాసుకి రుచి వచ్చిందే దానివల్ల.

సార్ పద్ధతి ఏంటంటే, క్లాసంతా ఒకే మాట పట్టుకుని దాని అంతు చూస్తారు. నాకు బాగా నచ్చింది కాన్‌ఫ్లిక్ట్ మీద జరిగిన క్లాసు, అది చెబితే మిగతావి ఎలా ఉంటాయో మీకే తెలిసిపోతుంది.

ముందుగా బోర్డు మీద ఒక మెయిల్ ముక్క రాశారు. ‘సారీ, ఐ హావ్ ఎ కాన్‌ఫ్లిక్ట్ ఎట్ త్రీ.’ దీని అర్థం ఏంటి అంటే మనవాళ్ళలో ఒకాయన, మూడింటికి ఎవరితోనో గొడవ పెట్టుకోబోతున్నాడు సార్ అన్నారు. అందరం నవ్వాం గానీ చాలామంది మనసులో ఉన్నదీ అదే. ఆ టైముకి నాకు ఇంకో పని ఉంది, రాలేను అని చెప్పడానికి అమెరికన్ ఇంగ్లీషులో మామూలుగా వాడే మాట అది, అందులో కోపతాపాలేం లేవు. ఒకే ముహూర్తానికి రెండు పెళ్ళిళ్ళు పడితే క్లాష్ అయింది అంటామే, అదే.

తర్వాత కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంట్రెస్ట్. ఇక్కడ ఇంట్రెస్ట్ అంటే ఆసక్తీ కాదు, వడ్డీ కాదు, సొంత లాభం. టెండర్లు తెరిచే కమిటీలో ఒకాయన కూర్చున్నాడు, వచ్చిన టెండర్లలో ఒకటి ఆయన బామ్మర్దిది అనుకోండి. అక్కడ ఎవరూ ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు, అందరూ నవ్వుకుంటూ కాఫీ తాగుతున్నారు, అయినా అది కాన్‌ఫ్లిక్టే. ఈ ఉదాహరణ చెప్పాక క్లాసులో ఇంక ఎవరికీ వివరించాల్సిన పని పడలేదు, మన జిల్లా వాళ్ళకి బామ్మర్ది టెండర్ అంటే వేరే చెప్పాలా.

చైనావాళ్ళ ఇబ్బంది వేరు. వాళ్ళకి రెండు మాటలున్నాయట, ఒకటి ఛుంగ్‌తూ, ఇంకోటి మావ్‌దున్. ఛుంగ్‌తూ అంటే ఢీకొనడం, ఎదురుబొదురుగా తలపడడం, అది కాన్‌ఫ్లిక్ట్‌కి దగ్గరగానే సరిపోతుంది. మావ్‌దున్‌తోనే వస్తుంది చిక్కు. మావ్ అంటే ఈటె, దున్ అంటే డాలు. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో బతికిన హాన్ ఫెయ్ అనే తత్వవేత్త రాతల్లో ఉన్న కథ అది, ఒక ఇంజినీర్ లేచి నిలబడి చేతులు ఊపుతూ చెప్పాడు. సంతలో ఒకడు ఈటెలు, డాళ్ళు అమ్ముతూ, నా డాలుని ఏ ఈటే చీల్చలేదు అంటాడు, మళ్ళీ వాడే, నా ఈటె దేన్నైనా చీల్చేస్తుంది అంటాడు. మరి నీ ఈటెతో నీ డాలునే పొడిస్తే ఏమవుద్దయ్యా అని ఎవరో అడిగితే వాడి నోట మాట లేదు. పొంతన లేకపోవడానికి అందుకే ఆ పేరు. కానీ మొగుడూ పెళ్ళాల మధ్య మనస్పర్థలు వచ్చినా, తోటి ఉద్యోగితో చెడినా వాళ్ళు అదే మాట వాడతారు. దాంతో ఇంగ్లీషులోకి వచ్చేసరికి ‘దేర్ ఈజ్ ఎ కాంట్రడిక్షన్ బిట్వీన్ మీ అండ్ మై మేనేజర్’ అని రాసేస్తారు. అక్కడ కాన్‌ఫ్లిక్ట్ అనాలి, అదీ విషయం ముదిరితేనే. చిన్న మాటామాటా అయితే డిసగ్రీమెంట్ చాలు అని సార్ తేల్చారు. మనకి పేచీ, తగాదా, రగడ, కయ్యం, కొట్లాట అని దేని బరువు దానికి ఉంది కదా, ఇంగ్లీషులోనూ ఆ తూకం ఉంటుందన్న సంగతి నాకు మాత్రం అక్కడే ఎక్కింది.

బరువు అంటే గుర్తొచ్చింది. యుద్ధంలో పాటించాల్సిన నియమాల మీద దేశాలు కుదుర్చుకున్న 1949 జెనీవా ఒప్పందాల్లో వార్ అన్న మాటతో ఆగకుండా ఆర్మ్‌డ్ కాన్‌ఫ్లిక్ట్ అని కూడా చేర్చారు, యుద్ధం ప్రకటించకుండానే కొట్టుకునే దేశాలు ఇది యుద్ధమే కాదు, మాకు ఆ నియమాలు వర్తించవు అని తప్పించుకోకూడదని. సార్ ఇది చెబుతుండగా వెనక బెంచీ కుర్రాడొకడు, మరి మనకీ చైనాకీ 1962లో జరిగింది వార్ అంటాం, 2020లో గల్వాన్‌ది క్లాష్ అని పేపర్లో రాశారు, తేడా ఏంటి సార్ అని అడిగేశాడు. గదంతా సైలెంట్. నాకైతే టెన్షన్ వచ్చింది. సార్ తడబడకుండా, ఒక్క చోట ఒక్కసారి తలపడితే క్లాష్, అది సాగితే కాన్‌ఫ్లిక్ట్, సైన్యాలు పూర్తిగా దిగితే వార్, ఎవరిది తప్పన్నది ఇంగ్లీష్ క్లాసులో తేలదు అని ముందుకెళ్ళారు. మనిషి గట్టివాడు.

గ్రామర్ త్వరగా అయిపోయింది. క్రియగా వాడి, దేనితో అన్నది కూడా చెబితే పక్కన విత్ ఉండాల్సిందే, ‘దిస్ డేట్ కాన్‌ఫ్లిక్ట్స్ విత్ మై లీవ్’ అనాలి గానీ విత్ మింగేయకూడదు. తెలుగులో ‘తో’ ఉంది కాబట్టి మనకి సులువే. కాన్‌ఫ్లిక్టెడ్ అంటే మాత్రం గొడవపడ్డవాడు కాదు, ఎటూ తేల్చుకోలేక లోపల సతమతమయ్యేవాడు.

పలకడం దగ్గర ఇద్దరికీ రెండు రకాల తిప్పలు. నామవాచకం అయితే ‘కాన్’ మీద ఒత్తాలి, క్రియ అయితే ‘ఫ్లిక్ట్’ మీద. మాండరిన్‌లో క్, ట్ లాంటి హల్లులతో మాట ముగియదు, కాబట్టి వాళ్ళు చివరి ‘క్ట్’ని మింగేస్తారు. మనమేమో అచ్చు లేకుండా మాట ఆపలేం, ‘కాన్‌ఫ్లిక్టూ’ అని సాగదీస్తాం. పక్కపక్కన కూర్చోబెట్టి ఒకరిది ఒకరు దిద్దుకోమన్నారు, అది భలే పని చేసింది.

ఇక తిట్లు. బ్యాచ్‌లో జనం ఎక్కువ, నోరు తెరిచే వంతు వచ్చేసరికి టైమ్ అయిపోతుంది. ఇచ్చే జిరాక్సు కాగితాల్లో అర్థాలన్నీ తెలుగులోనే ఉంటాయి, చైనావాళ్ళు ఫోన్ తీసి వెతుక్కోవాల్సిందే, వాళ్ళ దగ్గరా ఫీజు పూర్తిగా తీసుకుంటున్నప్పుడు ఇది అన్యాయం. పైగా ఆ జిరాక్సులో సగం అక్షరాలు కనపడవు. ఉచ్చారణకి ఆడియో ఏదీ వినిపించరు. ఆక్స్‌ఫర్డ్ లర్నర్స్ డిక్షనరీ వెబ్‌సైట్ ఉచితమే, బ్రిటిష్ గొంతు, అమెరికన్ గొంతు రెండూ వినొచ్చు, ఏ మాట పక్కన విత్ వస్తుందో బిట్వీన్ వస్తుందో కూడా ఉంటుంది, ఒక స్పీకర్ పెట్టి అది వినిపిస్తే చాలు కదా. అడిగితే చూద్దాం అంటారు.

ఫీజు మన ఊరికి ఎక్కువే. ఏబీసీడీల నుంచి మొదలుపెట్టేవాళ్ళు వెళ్ళకండి, డబ్బు దండగ. రోజూ మెయిల్స్ రాస్తూ, రాసింది సరిగ్గా ఉందో లేదో అని రెండుసార్లు చూసుకునేవాళ్ళకి బాగా పనికొస్తుంది. కంపెనీ కడతానంటే ఇంక ఆలోచించొద్దు. మొత్తం ఫీజు ఒకేసారి కట్టమంటారు, రెండు విడతలు అని గట్టిగా అడిగితే ఒప్పుకుంటారు. బండి కింద మెడికల్ షాపు ముందు మాత్రం పెట్టకండి, ఆయనతో రోజూ పేచీనే.