లంకలో బసకు ముందు చూడాల్సింది రేవు

హైదరాబాద్ నుంచి కోనసీమ లంకలకు, అంటే గోదారి పాయల మధ్య దీవులకు, వెళ్లేవాళ్లు ముందు గది వెతుకుతారు. అసలు తేల్చుకోవాల్సింది గోదారికి ఏ ఒడ్డున దిగాలన్నది.

లింగంపల్లిలో ఎక్కితే నరసాపురం ఎక్స్‌ప్రెస్సే సుఖం. టికెట్లు 60 రోజుల ముందు తెరుస్తారు. సంక్రాంతికి మొదటి రోజే కొనకపోతే ఇక బస్సే గతి. దిండికైతే పాలకొల్లులో దిగి, చించినాడ వంతెన మీదుగా ఆటోలో పోవాలి. అంతర్వేదికైతే నరసాపురం దాకా వెళ్లి, గోదారి పాయ వశిష్ఠ మీద పంటు (మనుషుల్నీ బండ్లనీ దాటించే పెద్ద పడవ) ఎక్కి సఖినేటిపల్లి చేరాలి.

ఈ పంటుకు సముద్రపు పోటూపాటూ తగులుతాయి. పాటు వేళ రేవులో నీళ్లు తగ్గి, ఇసుక మేట మీద పంటు అడుగు ఆనిందంటే మళ్లీ నీరెక్కేదాకా ఆగాల్సిందే. కారు ఎక్కించేచోట వాలు ఎక్కువ. మనుషులు దిగిపోయి ఖాళీ బండి ఎక్కిస్తే బంపరు గీసుకోదు. వెళ్లేటప్పుడే "ఆఖరి పంటు ఎన్నింటికండీ?" అని అడిగి పెట్టుకోండి. అది తప్పితే చించినాడ చుట్టు తిరిగి రావాలి.

నరసాపురం లాడ్జీలు చవక, టిఫిన్లు దగ్గర, ఏటి గాలి మాత్రం ఉండదు. దిండి రిసార్టులో కిటికీ తీస్తే గోదారే, కానీ బయట తినాలంటే ఆటో పిలవాలి. నా ఓటు లంకలో ఇంటి బసకే. భోజనం సంగతి ముందురోజే చెప్పాలి, సరుకు ఏరు దాటి రావాలి కాబట్టి. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పన, తాగడానికి టిన్ను తెప్పించుకోవాలి. గాలివానకు కొబ్బరి మట్ట తీగల మీద పడి కరెంటు పోతుంది. టార్చి, దోమతెర, చిల్లర నోట్లు దగ్గరుంచుకోండి. వరదల రోజుల్లో పులస చేప అని చూపించేది చాలాచోట్ల ఒడిశా ఇలసే. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు కానీ, అమ్మేముందు ఆలోచించుకోండి.

జులై నుంచి సెప్టెంబరు దాకా ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదారి నీటిమట్టం చూడకుండా బయల్దేరొద్దు. 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. లంకలకు వెళ్లే కాజ్‌వేలు ముందే మునుగుతాయి, పంట్లు ఆపేస్తారు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదారి 71 అడుగులు దాటినప్పుడు లంక ఊళ్లకు రోజుల తరబడి పడవలే దిక్కయ్యాయి. అడ్వాన్సు కట్టేముందే, పంటు ఆగితే డబ్బు తిరిగిస్తారా, తేదీ మారుస్తారా అని ఇంటివాళ్లతో మాట తీసుకోండి.