చవక సీఓటూ సెన్సర్లు: ఏసీ గదిలో ఏ అంకెను నమ్మాలి?

కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా ఎంక్యూ-135 అనే వాయు సెన్సర్‌ని మాత్రం సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) సెన్సర్ అనుకోవద్దు. వంటింట్లో పోపు వేస్తే చాలు, అంకె చుక్కల్ని తాకుతుంది. సీసీఎస్811దీ అదే బాపతు: వేరే ఆవిరుల్ని చూసి సీఓటూ ఎంతో ఊహించి చెబుతుంది. నిజంగా సీఓటూనే కొలిచేవాటిలో చవకైనవి ఎంహెచ్-జడ్19బి, సెన్స్‌ఎయిర్ ఎస్8, ఎస్‌సీడీ41.

డేటాషీట్లు చూస్తే పెద్ద తేడా కనపడదు. ఎస్8కి ±(40 పీపీఎం + 3%), జడ్19బిదీ దాదాపు అంతే (పీపీఎం అంటే పది లక్షల్లో ఎన్ని వంతులో). అసలు తేడా నెలలు గడిచాక, ఆటో క్యాలిబ్రేషన్ (సెన్సర్ తనంతట తానే అంకెను సరిచేసుకోవడం) దగ్గర బయటపడుతుంది. కొంతకాలంలో కనపడిన అతి తక్కువ రీడింగే బయటి గాలి, అంటే 400 అన్నది దాని లెక్క. రోజూ కిటికీలు తెరిచే ఇంట్లో ఇది చక్కగా పనిచేస్తుంది. సెన్సర్ లోపలి దీపం మసకబారి రీడింగ్ పక్కకు జరిగినా సర్దేస్తుంది.

మే నెలలో రాత్రీపగలూ తలుపులేసి ఏసీ నడిపే గది సంగతి వేరు. స్ప్లిట్ ఏసీ ఉన్న గాలినే తిప్పుతుంది, బయటి గాలి తేదు. అమీర్‌పేట హాస్టల్ గదిలో నలుగురుంటే రోజు మొత్తంలో అతి తక్కువే 700 కావచ్చు. సెన్సర్ మెల్లగా దాన్నే 400 అనుకుంటుంది. ఆపైన నిజంగా 1,300 ఉన్నా వెయ్యి దగ్గరే చూపి నిద్రపుచ్చుతుంది. ఎంహెచ్-జడ్19బి ఈ లెక్క 24 గంటలకోసారి వేస్తుంది, అందుకే అన్నిటికన్నా ముందు తప్పేది అదే. ఎస్8కి 180 గంటల గడువుంది. వారానికోసారి గది ఖాళీ చేసి, కిటికీలన్నీ బార్లా తీస్తే దారిలో ఉంటుంది.

జడ్19బి ఇప్పటికే కొనేసుంటే సీరియల్ పిన్నుల ద్వారా ఎఫ్ఎఫ్ 01 79 00 00 00 00 00 86 అనే కమాండ్ పంపి ఆటో క్యాలిబ్రేషన్ ఆపేయండి. తర్వాత క్యాలిబ్రేషన్ మీ చేతిదే. మధ్యాహ్నం రెండు, నాలుగు మధ్య డాబా మీద నీడలో 20 నిమిషాలు నడవనిచ్చి, క్యాలిబ్రేషన్‌కని ఉన్న హెచ్‌డీ పిన్నును 7 సెకన్లకు పైగా గ్రౌండ్‌కు తాకించండి. మీ ఊపిరి తగలకూడదు. తెల్లవారుజామున వద్దు, రాత్రి పోగైన వాయువు ఇంకా నేలబారునే ఉంటుంది. అయినా బయటి గాలే 420 దాటింది కాబట్టి ఓ పాతిక తక్కువ చూపడం మామూలే.

ఎస్‌సీడీ41లో ఆ ఇబ్బంది లేదు: బయటి గాలిలో మూడు నిమిషాలకు పైగా నడిపాక ఇది 425 అని మీరే చెప్పొచ్చు. ఎత్తు కూడా ఇవ్వొచ్చు. హైదరాబాద్‌కు 540 మీటర్లు పెట్టండి. ఇక్కడి గాలి ఒత్తిడి సముద్రమట్టం కంటే ఆరు శాతం దాకా తక్కువ, దిద్దకపోతే వెయ్యికి 940 చూపుతుంది. సెట్టింగులు సేవ్ చేసే కమాండ్ మరిస్తే మాత్రం కరెంటు పోగానే ఎత్తు మళ్లీ సున్నా. మూసిన గదికి మా ఓటు దీనికే, ఆటో ఆపేసి. గాలాడే ఇంటికి ఎస్8 చాలు.

ఏది కొన్నా ఓ వారం గ్రాఫ్ గీయండి. ఎవరూ కిటికీ తీయని రోజుల్లో కూడా గ్రాఫ్ అట్టడుగు 400 దగ్గరే అతుక్కుని ఉంటే, అది గది గాలి కాదు, సెన్సర్ లెక్క.