పక్క చేను మాటా, మన కన్నా, వదిలేసిన మడా: ఏది మేలు?

వరి చేలో ఫలానా గుళికలు వేస్తే ఎకరాకు రెండు బస్తాలు పెరుగుతాయని ఎరువుల కొట్లో చెబుతారు. పక్క చేను రైతు కూడా "నిజమేనండీ, దాళ్వాలో (రబీ పంటలో) నాకు ఎకరాకు 40 అయ్యాయి" అంటాడు. ఆయన అబద్ధమాడటం లేదు. వేశాడు, పండింది. తర్కంలో దీన్ని అన్వయం అంటారు: ఇది ఉన్నచోట అది ఉంది. ఇది లేనిచోట అదీ లేదని చూస్తే వ్యతిరేకం. గుళికలు వేయని మడే ఆయన చేలో లేదు, ఇక చూసేదెక్కడ?

సొంత కన్నూ మోసపోతుంది. నాటిన మూడు వారాలకు చేను పసుపు రంగుకు తిరిగితే చాలామంది ముందు యూరియా చల్లుతారు. ముదురాకులు సమంగా పసుపు రంగుకు తిరిగితే నత్రజని లోటు. తుప్పు మచ్చలు వచ్చి, ఆకు మొదట్లో ఈనె తెల్లబడితే జింకు లోటు. సరిగ్గా గుర్తుపట్టి లీటరుకు 2 గ్రాముల జింకు సల్ఫేటు కొట్టారనుకుందాం, తేరుకుంది. కానీ నీరు తీసి ఆరగట్టినా చేను చాలాసార్లు దానంతటదే తేరుకుంటుంది. పేరు మాత్రం మందుకే.

అందుకే మందుల విషయంలో మా ఓటు మందు వేయకుండా వదిలేసి, పోల్చి చూసే మడికే. ఒకే చేలో 5 సెంట్ల మడులు ఆరు తీసుకోండి. పక్కపక్కవి రెండేసి జత. జతలో దేనికి వేయాలో బొమ్మా బొరుసూ వేసి తేల్చండి; మనమే ఎంచితే చెయ్యి బోదె (నీటి కాలువ) పక్కన ఉన్న మంచి మడి మీదికే పోతుంది. మధ్య గట్లు గట్టిగా ఉండాలి, వేసిన మడి నీరు వేయని మడిలోకి పారితే శ్రమంతా వృథా. మిగతా ఎరువూ నీరూ అన్నిటికీ ఒకటే.

కోతప్పుడు గట్టు వారగా రెండడుగులు వదలండి. అక్కడి దుబ్బులకు ఎండ ఎక్కువ, గింజా ఎక్కువే. లోపల 5 మీటర్ల చదరం కోసి, నూర్చి, తేమ 14 శాతానికి ఆరబెట్టి తూచండి. కేజీలను 162తో గుణిస్తే ఎకరా దిగుబడి. టేపు దగ్గర జాగ్రత్త: ఒక్కో వైపు 10 సెంటీమీటర్లు ఎక్కువైతే విస్తీర్ణం 4 శాతం పెరుగుతుంది. 40 బస్తాల చేలో అదే బస్తాన్నర!

మూడు జతల్లోనూ వేసిన మడే గెలిచిందా? తొందరపడొద్దు. మందులో పస లేకపోయినా ఎనిమిదింట ఒకసారి అలా జరుగుతుంది. వచ్చే దాళ్వాలో మళ్లీ వేసి చూడాలి.

ముంపు సంగతి వేరు, దానికి పరీక్ష పెట్టలేం. 1982లో మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన స్వర్ణ రకాన్ని సార్వాలో (ఖరీఫ్‌లో) పల్లపు చేలో వేయాలా వద్దా అంటే ఊళ్లో పెద్దాయన మాటే మేలు. కాకపోతే ఆయన్నీ "నీళ్లొస్తాయా?" అని అడిగితే చాలదు. 1986 ఆగస్టు గోదావరి వరదలో ఏ గట్టు దాకా వచ్చాయి, ఎన్నాళ్లకు తీశాయి, తాను చూశాడా విన్నాడా అని అడగాలి.