సలహాలకు చోటులేని గది: గుంటూరులో ఒక గ్రూప్ కౌన్సెలింగ్ కేంద్రంపై సమీక్ష

గుంటూరు అరండల్‌పేటలో, కింద మందుల షాపు ఉన్న ఒక భవనం రెండో అంతస్తులో, మద్యం తగ్గించుకోవాలనుకునే వారికి శనివారం సాయంత్రాలు గ్రూప్ కౌన్సెలింగ్ జరుగుతుంది. అక్కడ సభ్యుడిగా ఒక విడత పూర్తి చేసిన వాడిగా ఈ సమీక్ష రాస్తున్నాను. కేంద్రం పేరు రాయడం లేదు. రాస్తే ఆ వేళకు ఆ మెట్లెక్కేవారు ఎందుకు ఎక్కుతున్నారో చుట్టుపక్కల వారికి ఇట్టే తెలిసిపోతుంది. తోటి సభ్యుల మాటలు కూడా వారిని అడిగి, ఆనవాళ్ళు మార్చి రాస్తున్నవే.

కేంద్రం కరపత్రంలో రెండు పద్ధతుల పేర్లు కనిపిస్తాయి. మొదటిది సొల్యూషన్ ఫోకస్డ్ బ్రీఫ్ థెరపీ. అమెరికాలోని మిల్వాకీలో స్టీవ్ డి షేజర్, ఇన్సూ కిమ్ బర్గ్ దంపతులు 1970ల చివరి నుంచి తమ సహచరులతో కలిసి రూపుదిద్దిన పద్ధతి ఇది. సమస్య ఎక్కడ పుట్టిందని తవ్వుకుంటూ కూర్చోకుండా, అది లేని రోజు ఎలా ఉంటుంది, అలాంటి రోజు ఇదివరకే ఎప్పుడైనా గడిచిందా అని ఇందులో అడుగుతారు. రెండోది మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్. మనస్తత్వ శాస్త్రవేత్త విలియం మిల్లర్ 1983లో మద్యం సమస్య ఉన్నవారితో ఎలా మాట్లాడాలన్న విషయంపై ప్రచురించిన వ్యాసంతో ఇది మొదలైంది. స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి ఆయన రాసిన పుస్తకం 1991లో వచ్చింది. మానాలనీ ఉంటుంది, మానబుద్ధీ కాదు. ఆ ఊగిసలాటను తప్పుపట్టకుండా, మానడానికి గల కారణాలు ఆ మనిషి నోటి నుంచే వచ్చేలా మాట్లాడించడం ఇందులోని కిటుకు.

పుస్తకంలో చదివితే రెండూ తేలికగానే అనిపిస్తాయి. పదిమందిని ఒక గదిలో కూర్చోబెట్టాక అసలు కష్టం మొదలవుతుంది. ఎందుకంటే ఎదుటివాడు కష్టం చెప్పుకోగానే సలహా ఇవ్వకుండా ఉండడం మనవాళ్ళకు చేతకాదు. తాగుడు సంగతైతే చెప్పనక్కరలేదు: మాల వేసుకోమనేవారు ఒకరు, ఫలానా ఊళ్ళో పసరు పోస్తారనేవారు ఒకరు, పిల్లల ముఖం చూడమనేవారు మరొకరు. ఎదుటివారిని వెంటనే సరిదిద్దేయాలన్న ఈ తపనను మిల్లర్, రోల్నిక్ ప్రత్యేకంగా ప్రస్తావించి, సలహాదారు ముందుగా అణచుకోవలసింది దీన్నేనన్నారు. నువ్వు మానాలి అని గట్టిగా నొక్కినకొద్దీ అవతలివాడు మానకపోవడానికి కారణాలు వెతుక్కుంటాడు. గ్రూపులో ఈ నొక్కుడు అన్ని వైపుల నుంచీ వస్తుంది. ఈ కేంద్రం విలువ అంతా దాన్ని అక్కడి సీనియర్ కౌన్సెలర్ ఎలా ఆపుతారన్న దానిలోనే ఉందని నా అభిప్రాయం.

మిర్చి యార్డులో గుమాస్తాగా పనిచేసే ఒకాయన మొదటి రోజునే, "ఇంట్లో పోరు పడలేక వచ్చానండీ, నేనేం తాగుబోతును కాదు" అన్నారు. పక్కనే ఉన్న రిటైర్డ్ ఉపాధ్యాయుడు వెంటనే అందుకొని, మనసు గట్టిగా ఉంటే మందు ఎంతలే బాబూ అని మొదలుపెట్టారు. కౌన్సెలర్ మేడమ్ ఆయన్ను వారించలేదు. "మాస్టారూ, ఆయన మేలు కోరే చెబుతున్నారు. వినే ఓపిక ఇప్పుడుందో లేదో ఆయన్నే అడుగుదామా?" అన్నారు. ఇప్పుడొద్దండీ అన్నారు గుమాస్తాగారు. ఆమె తలూపి, "ఇంట్లోవాళ్ళకు ఇబ్బందిగా ఉంది కానీ, మీకైతే దీనివల్ల ఏ ఇబ్బందీ లేదు" అన్నారు, ప్రశ్నలాగా కాకుండా, ఆయన మాటే ఆయనకు తిరిగి చెబుతున్నట్టుగా. కాసేపాగి ఆయనే, "అసలు లేదని కాదు మేడమ్, సీజన్‌లో పొద్దున పూట కాటా లెక్కలు తప్పుతున్నాయి" అన్నారు. ఎవరూ ఏమీ చెప్పకుండానే మొదటి కారణం ఆయన నోటి నుంచే బయటపడింది. ఆ తర్వాత ఆ గదిలో సలహా చెప్పదలచినవారు ముందు అనుమతి అడగడం అలవాటైంది. అడిగేసరికి సగం సలహాలు వాటంతటవే ఆగిపోయాయి.

తాగని సాయంత్రాల గురించి అడిగిన తీరు కూడా నాకు నచ్చింది. అదే గుమాస్తాగారు చాలాసేపు ఆలోచించి, కూతుర్ని ట్యూషన్ నుంచి బండి మీద తీసుకురావలసిన రోజుల్లో ముట్టుకోనన్నారు. ఆ రోజుల్లో ఏం చేస్తారు, యార్డు నుంచి ఏ దారిన వస్తారు, తోడుతాగే స్నేహితులతో ఏమని తప్పించుకుంటారు అని ఆమె అడుగుతూ పోతే, ఆయనకు ఇదివరకే వచ్చిన విద్య ఒకటి మా అందరి ముందూ బయటపడింది.

అంకెల ప్రశ్న దగ్గర మాత్రం కేంద్రం తడబడింది. మానే విషయంలో సున్నా నుంచి పది వరకు మీరెక్కడున్నారు అన్న ప్రశ్న రెండు పద్ధతుల్లోనూ ఉంది, కానీ వాడకం వేరు. ఎవరైనా మూడు అని చెబితే, మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్‌లో "ఒకటి కాకుండా మూడెందుకు?" అని అడిగి, మనిషిలో ఇప్పటికే ఉన్న కోరికను మాటల్లోకి రప్పిస్తారు. సొల్యూషన్ ఫోకస్డ్ పద్ధతిలో, నాలుగుకు చేరితే ఏం మారుతుందని అడిగి తర్వాతి చిన్న అడుగును తేలుస్తారు. ఇంకా మానాలో వద్దో తేల్చుకోని మనిషిని మొదటి ప్రశ్న అడగకుండా రెండో ప్రశ్నకు లాగితే ఆయన మర్యాద కోసం ఏదో ఒక జవాబు చెబుతాడు. సీనియర్ కౌన్సెలర్ రాని వారాల్లో నడిపించే యువకుడు ఈ తేడా చూడడు. పైగా పెద్ద అంకె చెప్పినవారికి చప్పట్లు కొట్టిస్తాడు. ర్యాంకుల హోర్డింగుల మధ్య పెరిగిన మన ఊళ్ళో అంకె అంటే మార్కులే కదా. చప్పట్లు మొదలయ్యాక ఐదు కంటే తక్కువ చెప్పినవారే లేరు.

"ఈ రాత్రి నిద్రలో ఒక అద్భుతం జరిగి మీ సమస్య తీరిపోతే, తెల్లవారి ముందుగా ఏ తేడా గమనిస్తారు?" అన్న ప్రసిద్ధమైన ప్రశ్నకూ ఇదే గతి పట్టింది. ఆ యువకుడు ముద్రించిన కాగితం చూసి గ్రాంథికంగా చదివితే, అప్పు తీరుతుంది, లాటరీ తగులుతుంది అన్న నవ్వుల మధ్య గంట గడిచింది. తర్వాతి వారం అదే ప్రశ్నను సీనియర్ కౌన్సెలర్ మామూలు మాటల్లో అడిగి, ఆ తేడాను ఇంట్లో మీకంటే ముందు ఎవరు కనిపెడతారు అని కలిపారు. ఒక కుర్రాడు, "కాఫీ గ్లాసు ఇచ్చేటప్పుడు మా అమ్మ నా చేతి వంక చూడదు" అన్నాడు. పొద్దున్నే చేతులు వణుకుతాయని అతను అంతవరకు ఎవరితోనూ అనలేదు.

ఆమె ఆ రోజే అతన్ని విడిగా కూర్చోబెట్టి, ఒక్కసారిగా మానేయవద్దని చెప్పి, ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యులను కలవమన్నారు. రోజూ ఎక్కువగా తాగేవారు హఠాత్తుగా ఆపితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్, ఆపైన మతి తప్పి పలవరించే స్థితి రావచ్చు; అది ప్రాణం మీదికి వచ్చే విషయం, మాటలతో తగ్గేది కాదు. ఆమె అప్రమత్తత మెచ్చుకోదగినదే. అయితే చేరేటప్పుడు నింపించుకునే ఫారంలో వణుకు గురించి గానీ, ఇదివరకు ఫిట్స్ వచ్చాయా అని గానీ ఒక్క ప్రశ్న లేకపోవడం క్షమించరాని లోపం.

ఇంకొక ఫిర్యాదు ఉంది. రిసెప్షన్‌లోని అమ్మాయి అందరి నంబర్లనూ ఒకే వాట్సాప్ గ్రూపులో చేర్చి సెషన్ వేళలు పంపింది. గుట్టుగా వచ్చేవారి ఫోన్ నంబర్లు, ఫోటోలతో సహా, ఒకరివొకరికి తెలిసిపోయాయి. అడిగిన తర్వాత గ్రూపును తీసేసి ఎవరికి వారికే మెసేజ్ పెడుతున్నారు గానీ, అప్పటికే ఒకరు రావడం మానేశారు.

ఫీజు సెషన్‌కు 300 రూపాయలు, న్యాయమే. 12 సెషన్ల డబ్బు ముందే కట్టమనడం న్యాయం కాదు. తక్కువ సెషన్లలో ముగించడం సొల్యూషన్ ఫోకస్డ్ బ్రీఫ్ థెరపీ పేరులోని 'బ్రీఫ్' అన్న మాటలోనే ఉంది. మళ్ళీ రావలసిన అవసరం ఉందా అని ప్రతిసారీ సభ్యుడినే అడగాలి. గట్టిగా అడిగితే విడివిడిగా కట్టించుకుంటారు, కాబట్టి అడగండి.

కొద్దో గొప్పో తాగుతూ, మానాలా వద్దా అన్న సందిగ్ధంలో ఉన్నవారికి, ఇంట్లోవాళ్ళ పోరుతో విసిగినవారికి ఈ గ్రూపును సిఫారసు చేస్తాను, సీనియర్ కౌన్సెలర్ ఉండే వారాలు ముందుగా కనుక్కుని వెళ్ళమన్న షరతుతో. పొద్దున వణుకు ఉన్నవారు ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఎటూ తేలనివారు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి మాట్లాడవచ్చు. లిఫ్టు లేదు, బండి పెట్టుకోవడానికి పక్క సందులో మాత్రమే చోటుంటుంది.