‘అన్నీ ఎడిట్ చేసుకోవచ్చు’ అంటే నమ్మి స్లైడ్ టెంప్లేట్ కొన్నాను. మీరు కొనేముందు ఇది చదవండి

పవర్‌పాయింట్ టెంప్లేట్ కోసం వెతుకుతున్నారా? అందులోనూ స్లైడ్లు తెలుగులో చేయాలా? అయితే డబ్బు కట్టేముందు ఒక్క పది నిమిషాలు ఆగండి. నాకు రెండు విడతల్లో 1,998 రూపాయలు పోయాయి. డబ్బు సంగతి అలా ఉంచితే, నాలుగు రాత్రులు నిద్ర లేదు. ఆఖరికి సమావేశంలో ఆ టెంప్లేట్ వాడనే లేదు.

నేను గుంటూరు జిల్లాలో ఒక రైతు ఉత్పత్తిదారుల సంఘంలో అకౌంట్లు చూస్తాను. ఏటా సెప్టెంబరులో సర్వసభ్య సమావేశం పెడతాం. పసుపు ఎన్ని క్వింటాళ్లు కొన్నాం, ఎరువుల అమ్మకం ఎంత, లాభం ఎంత, ఇవన్నీ స్లైడ్ల మీద చూపించాలి. ఇన్నేళ్లూ తెల్ల స్లైడు మీద నల్ల అక్షరాలతో కానిచ్చేశాం. ఈసారి బ్యాంకు మేనేజరు గారు కూడా వస్తున్నారని మా చైర్మన్ గారు, “కాస్త కంటికి ఇంపుగా చెయ్యమ్మా” అన్నారు. అలా మొదలైంది నా తిప్పలు.

వెతగ్గా వెతగ్గా ఒక సైటులో వ్యవసాయం థీమ్‌తో టెంప్లేట్ దొరికింది. ముదురు ఆకుపచ్చ రంగు, మూలన వరి వెన్ను, మధ్యలో సన్నటి ఇంగ్లిషు అక్షరాలు. చూస్తే ఎవరికైనా మనసవుతుంది. పైన పెద్దగా ‘600 స్లైడ్లు, నూటికి నూరు శాతం ఎడిటబుల్’ అని రాసుంది. విడిగా కొంటే 1,499 రూపాయలు, మెంబర్‌షిప్ తీసుకుంటే మొదటి నెల 499కే అన్నారు. 499 అంటే పోనీలే అనుకుని యూపీఐలో కట్టేశాను. కింద చిన్న అక్షరాల్లో ఏముందో చదవలేదు. ఆ సంగతి తర్వాత చెప్తాను.

జిప్ ఫైలు విప్పితే మొదటి దెబ్బ. 600 స్లైడ్లు అన్నవాళ్లు ఇచ్చింది నిజానికి 30. అవే 30 స్లైడ్లను పది రంగుల్లో, ఒక్కో రంగుకూ వెడల్పు తెరకు ఒక ఫైలు, పాత నలుచదరపు తెరకు ఇంకో ఫైలు చొప్పున పెట్టారు. 30 ఇంటూ 10 ఇంటూ 2. లెక్క తప్పలేదు పాపం. అకౌంట్లు చూసే మనిషిని, ఆ గుణకారం కొనకముందు తట్టకపోవడమే నాకు సిగ్గుగా ఉంది. ఆ 30లో కూడా ఐదారు ‘థాంక్యూ’, ‘బ్రేక్’, ‘మా టీమ్’ స్లైడ్లే.

అసలు పది రంగులకు పది ఫైళ్లు ఎందుకు? సరిగ్గా కట్టిన టెంప్లేట్ అయితే డిజైన్ ట్యాబ్‌లో వేరియంట్స్ కిందికి వెళ్లి కలర్స్ మార్చితే చాలు, ఫైలు మొత్తం ఒకేసారి మారుతుంది. నేను పసుపు రంగుకు మార్చి చూశాను. ఒక్క గీత కూడా మారలేదు. ప్రతి డబ్బాకూ, ప్రతి గీతకూ రంగు విడివిడిగా పూసేశారు. ఫైలు మొత్తానికి రంగులూ ఫాంట్లూ ఒకేచోట ఉంచే థీమ్‌తో దానికి సంబంధమే లేదు. అందుకే పది ఫైళ్లు!

రెండో దెబ్బ సంఘం లోగో పెట్టబోతే తగిలింది. అన్ని స్లైడ్ల మీదా లోగో రావాలంటే వ్యూ ట్యాబ్‌లో స్లైడ్ మాస్టర్ తెరిచి అక్కడ ఒక్కసారి పెడితే సరిపోతుంది. పెట్టాను. మామూలు వ్యూకి వచ్చి చూస్తే లోగో ఎక్కడా లేదు. అరగంట బుర్ర గోక్కున్నాక అర్థమైంది. మాస్టర్ దాదాపు ఖాళీ. ఒకే ఒక ఖాళీ లేఅవుట్ (స్లైడు అచ్చు) ఉంది, స్లైడంతా దాని మీద బొమ్మలా గీశారు. వెనక కనిపించే ఆకుపచ్చ రంగు కూడా బ్యాక్‌గ్రౌండ్ కాదట, స్లైడంత సైజు డబ్బా ఒకటి తెచ్చి పరిచారు. నా లోగో దాని కింద పడి ఉంది. చివరికి 22 స్లైడ్లలో 22 సార్లు అతికించుకున్నాను. ఒకదాంట్లో కాస్త పైకి, ఇంకోదాంట్లో కాస్త పక్కకి. స్లైడ్లు మారుతుంటే లోగో గెంతుతూ ఉంటుంది.

ఇక తెలుగు దగ్గరికి వద్దాం. ఈ పోస్టు రాస్తున్నదే దీని కోసం.

టెంప్లేట్‌లో కనిపించే సోకంతా ఇంగ్లిషు ఫాంటుది. పవర్‌పాయింట్ థీమ్‌లో ఇంగ్లిషు అక్షరాలకు ఒక ఫాంటు, మన లిపిలాంటి వాటికి వేరే ఫాంటు ఉంటాయి. మనం తెలుగులో టైప్ చేయగానే ఆ అందమైన ఫాంటు పక్కకు తప్పుకుంటుంది. దాని బదులు గౌతమో, నిర్మలా యూఐయో వచ్చి కూర్చుంటుంది. నా ఫైల్లో గౌతమి వచ్చింది. కాగితం మీద ఏమోగానీ ప్రొజెక్టర్ మీద దాని గీతలు వెంట్రుకల్లా కనిపిస్తాయి, వెనక వరుసలో కూర్చున్న వాళ్లకు ఆనదు.

ఫాంటు మార్చుకోవచ్చు, అది చిన్న పని. అసలు బాధ అక్షరాల మధ్య ఎడంతో వచ్చింది. ఇంగ్లిషు శీర్షికలన్నీ పెద్దక్షరాల్లో, అక్షరానికీ అక్షరానికీ మధ్య బాగా ఖాళీ వదిలి పేర్చారు. వాళ్లకది స్టైల్. అందులో నేను ‘పసుపు కొనుగోలు వివరాలు’ అని టైప్ చేస్తే తెర మీద ఇలా వచ్చింది:

ప సు పు కొ ను గో లు వి వ రా లు

పదం ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో తెలియదు. ఒకటో తరగతి వాచకంలా ఉంది. ముందురోజు రిహార్సల్‌కి వచ్చిన మా డైరెక్టర్లలో ఒక పెద్దాయన కళ్లజోడు సర్దుకుని, “ఏమ్మా అమ్మాయ్, అక్షరాలు వడ్లు ఆరబోసినట్టు పోశావేంటి?” అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. దీనికి విరుగుడు ఉంది. ఆ అక్షరాలు సెలెక్ట్ చేసి, హోమ్ ట్యాబ్‌లో క్యారెక్టర్ స్పేసింగ్‌ను నార్మల్‌కి మార్చాలి. కాకపోతే మాస్టర్ లేదు కదా, ఒక్కో డబ్బాకూ విడిగా చేసుకోవాలి.

వరుసల మధ్య సంగతి ఇంకా ఘోరం. ఇంగ్లిషు పెద్దక్షరాలకు కింద తోకలు ఉండవు కాబట్టి డిజైన్ చేసినవాళ్లు లైన్ స్పేసింగ్‌ను 0.8కి తగ్గించి వరుసలు దగ్గరగా తెచ్చారు. మన అక్షరానికి పైన గుడులు, తలకట్లు, కింద ఒత్తులు. ‘రాష్ట్ర ప్రభుత్వ సబ్సిడీ’ పై వరుసలో, ‘మిగిలింది’ కింది వరుసలో పడ్డాయి. ‘ష్ట్ర’ కింద ఉన్న ఒత్తులు వచ్చి ‘మిగిలింది’ గుడుల్లో ఇరుక్కున్నాయి. రెండూ కలిసి అదేదో కొత్త లిపిలా తయారైంది. లైన్ స్పేసింగ్‌ను 1.1 చేస్తే గానీ విడిపోలేదు. 1.1 చేయగానే రెండో వరుస డబ్బా దాటి బొమ్మ మీదికి జారింది. డబ్బా పెంచితే పక్క డబ్బా మీద పడింది. ఒకటి లాగితే ఇంకోటి ఊడుతుంది.

పైగా గుండ్రటి డబ్బాలన్నీ ఇంగ్లిషులో ఒక్క మాట పట్టేంతే ఉంటాయి. ‘గ్రోత్’ అని రాసిన చోట ‘వ్యాపార అభివృద్ధి’ పట్టించాలి. ఆటోఫిట్ ఆన్‌లో ఉందేమో, అక్షరాలు దానంతటదే తగ్గిపోయి 11 పాయింట్లకు చేరాయి. కల్యాణమండపంలో రెండొందల మంది ముందు 11 పాయింట్ల అక్షరాలు!

మధ్యలో మా ఊరి డీటీపీ షాపు అబ్బాయి, “అను ఫాంటులో కొట్టిస్తాను అక్కా, అదిరిపోద్ది” అన్నాడు. అదిరిపోవడం నిజమే, అక్షరాలు బాగుంటాయి. కానీ పాత అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఆ ఫాంటు లేని ల్యాప్‌టాప్‌లో తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లిషు పిచ్చిగీతలు వస్తాయి. మండపంలో ల్యాప్‌టాప్ ఎవరిదో కూడా తెలియదు కాబట్టి ఆ రిస్క్ తీసుకోలేదు.

చార్టుల గురించి కూడా చెప్పాలి. ప్రివ్యూలో రకరకాల బార్ చార్టులు కనిపించాయి. నేను మామూలుగా రైట్ క్లిక్ కొట్టి ‘ఎడిట్ డేటా’ కోసం చూశాను. లేదు. అవి చార్టులే కావు, వరుసగా నిలబెట్టిన దీర్ఘచతురస్రాలు. ఎడిట్ చేసుకోవచ్చంటే అర్థం ఇదన్నమాట, మౌస్‌తో పట్టుకుని పైకి లాగొచ్చు, కిందికి దించొచ్చు. సరే అని చేత్తో లాగాను. పోయిన ఏడాది 412 క్వింటాళ్లు, ఈ ఏడాది 438. నేను లాగిన బొమ్మలో మాత్రం ఈ ఏడాది దాదాపు రెట్టింపైనట్టు ఉంది. రిహార్సల్లో చైర్మన్ గారు చూసి, “ఇంత కొంటే డబ్బులేవమ్మా?” అన్నారు. బ్యాంకు మేనేజరు గారి ముందు ఆ మాట వచ్చుంటే నా పరువు ఏమయ్యేది!

ఫొటోలు రాలేదు, వాటి చోట బూడిదరంగు డబ్బాలు ఉన్నాయి. ‘ప్రివ్యూ ఫొటోలు చూపించడానికి మాత్రమే’ అని పేజీ అడుగున ఉంది. ఇంగ్లిషు ఫాంటు కూడా విడిగా డౌన్‌లోడ్ చేసుకోవాలట, అదీ వ్యక్తిగత వాడకానికి మాత్రమేనట. సంఘం సమావేశం వ్యక్తిగతం ఎలా అవుతుంది?

ముందురోజు రాత్రి తొమ్మిదింటికి ఆ ఫైలు మూసేశాను. పవర్‌పాయింట్‌లో ఫైల్, న్యూ కొట్టి ఖాళీ ప్రెజెంటేషన్ తీసుకున్నాను. స్లైడ్ మాస్టర్ తెరిచి మూలన లోగో, కింద ఒక ఆకుపచ్చ పట్టీ పెట్టాను. శీర్షికకు రామభద్ర, మిగతాదానికి మండలి. ఈ రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. రామభద్ర బాగా లావు అక్షరం, శీర్షికకే బాగుంటుంది, పేరాగ్రాఫులకు వాడితే కళ్లు తిరుగుతాయి. చార్టులు ఇన్‌సర్ట్‌లోంచి అసలైనవి పెట్టాను, అంకెలు కొడితే బార్లు వాటంతటవే సరైన ఎత్తుకు వచ్చాయి. పదకొండున్నరకు అయిపోయింది. పీడీఎఫ్ కూడా చేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నాను, మండపం ల్యాప్‌టాప్‌లో మన ఫాంట్లు లేకపోయినా అక్షరాలు చెదరకుండా. నాలుగు రాత్రుల్లో కాని పని రెండున్నర గంటల్లో అయింది.

మీకు టెంప్లేట్ కావాల్సిందే అనుకుంటే, కొనేముందు శాంపిల్ ఫైలు అడగండి. రెండు స్లైడ్లయినా చాలు. ఇవ్వము అంటే అక్కడితో వదిలేయండి. ఇస్తే ముందు వ్యూలోకి వెళ్లి ఔట్‌లైన్ వ్యూ నొక్కండి. ఎడమవైపు శీర్షికలన్నీ వరుసగా కనిపిస్తే ఫైలు పద్ధతిగా కట్టారని లెక్క. అక్కడ అంతా ఖాళీగా ఉంటే నాకు అంటగట్టిన సరుకులాంటిదే. తర్వాత చార్టు మీద రైట్ క్లిక్, డిజైన్‌లో రంగు మార్చడం. ఆఖరుగా శీర్షికలో ‘రాష్ట్ర స్త్రీ శిశు సంక్షేమం’ అని, కింది వరుసలో ‘మిగిలింది’ అని కొట్టి చూడండి. ఒత్తులూ గుడులూ కొట్టుకోకుండా చదవగలిగితే అప్పుడు పర్సు తీయండి. గూగుల్ స్లైడ్స్‌లో చేసేవాళ్లు ఫాంట్ల మెనూలో ‘మోర్ ఫాంట్స్’ తెరిచి లిపిని తెలుగుకు మార్చితే మన ఫాంట్లు వస్తాయి. ఇంకో మాట, ఫైలు పేరు చివర పీపీటీఎం అని ఉంటే అందులో మ్యాక్రోలు, అంటే ఫైల్లో దాగి ఉండే చిన్న ప్రోగ్రాములు ఉండొచ్చు, తెలియని చోటు నుంచి వచ్చింది అయితే తెరవకండి.

ఇప్పుడు ఆ రెండో విడత డబ్బు సంగతి. 499 కట్టినప్పుడు నేను ఒప్పుకున్నది ఆటోపేకి. రెండో నెల నుంచి 1,499. ఇలాంటి ఆటో చెల్లింపులకు 24 గంటల ముందు మెసేజ్ పంపాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది, మెసేజ్ వచ్చింది కూడా. సమావేశం హడావుడిలో చూసుకోలేదు. 15,000 రూపాయల లోపు అయితే ప్రతిసారీ పిన్ అడగనక్కర్లేదు కాబట్టి డబ్బు చప్పుడు లేకుండా వెళ్లిపోయింది. ఆ తర్వాత యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగంలోకి వెళ్లి మ్యాండేట్, అంటే నేను ఇచ్చిన అనుమతి, క్యాన్సిల్ చేశాను. మీరూ ఒకసారి మీ యాప్‌లో ఆ లిస్టు తెరిచి చూడండి. నా లిస్టులో ఎప్పుడో ఆపేశాననుకున్నది ఇంకోటి కూడా బతికే ఉంది.

రిఫండ్ అడిగితే, డౌన్‌లోడ్ చేసుకున్నాక ఇవ్వమని ఒక్క ముక్కలో తేల్చేశారు. వాడనే లేదు, రెండో నెల ఒక్క ఫైలూ దించుకోలేదు అని మళ్లీ రాస్తే జవాబు లేదు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. ఇక్కడి వినియోగదారులకు క్రమం తప్పకుండా అమ్మే విదేశీ సైట్లకూ అవి వర్తిస్తాయి. అందుకని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. ‘600 స్లైడ్లు’ అన్న పేజీ స్క్రీన్‌షాట్, డబ్బు కట్టిన రసీదు దాచుకున్నాను కాబట్టి ఆ పని సులువైంది. ఆ 499 మీద నాకు పెద్ద ఆశ లేదు. 1,499 మాత్రం వదలను. ఏదైనా కదలిక వస్తే ఇక్కడే రాస్తాను.