బోర్డు లేని షెడ్డులో బీఎంసీ ఇంజిను: విజయవాడ ఆటోనగర్‌లో అంబాసిడర్ మరమ్మతులపై సమీక్ష

పాత కారును మరమ్మతుకు ఇచ్చినప్పుడు ఒక షెడ్డు మంచిదా కాదా అని తేల్చుకోవడానికి నేను చూసేది ఒక్కటే: మెకానిక్ ముందుగా సామాను మారుస్తాడా, లేక కారణం వెతుకుతాడా అని. కొత్త కార్లలో ఈ తేడా అంతగా బయటపడదు. స్కానర్ చూపించిన భాగాన్ని తీసి మరొకటి బిగిస్తే చాలావరకు పని పూర్తవుతుంది. అంబాసిడర్ మార్క్ 4 వంటి కారుకు స్కానర్ తగిలించే చోటే ఉండదు, మారుద్దామన్నా సరైన భాగం దొరకడం అంత తేలిక కాదు. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో, లారీలకు బాడీలు కట్టే వరుసల వెనుక, బోర్డు కూడా లేని ఒక చిన్న షెడ్డులో కొంతకాలంగా నా కారు పనులు చేయిస్తున్నాను. ఆ షెడ్డు పనితనమూ, దానిలోని లోటుపాట్లూ ఇలాంటి కార్లు నడిపేవారికి తెలియడం మంచిదని ఇది రాస్తున్నాను.

మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నమూనాగా 1957లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో మొదలైన అంబాసిడర్ తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. 1979లో వచ్చిన మార్క్ 4లో 1489 సీసీ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) పెట్రోలు ఇంజిను ఉంటుంది. 1990 దశకంలో వచ్చిన 1.8 లీటర్ల ఇసుజు ఇంజినుకు అలవాటుపడిన మెకానిక్కులు చాలామంది దీనిమీద చేయి వేయడానికి వెనుకాడతారు. ఈ షెడ్డు నడిపే పెద్దాయన పని నేర్చుకున్నదే బీఎంసీ ఇంజిన్ల మీద కాబట్టి ఆయనకు ఆ సంకోచం లేదు.

నేను అక్కడికి తీసుకువెళ్లిన మొదటి సమస్య వేసవిలో పాత కార్లు నడిపే ప్రతివారికీ పరిచయమైనదే. ఇంజిను బాగా వేడెక్కిన తరువాత హైదరాబాదు రహదారి మీద ఉన్నట్టుండి ఆగిపోవడం, బానెట్ ఎత్తి అరగంట చల్లారనిస్తే ఏమీ జరగనట్టు మళ్లీ స్టార్ట్ కావడం. ఇంజినుకు ఆనుకుని ఉండే పెట్రోలు పంపు వేడెక్కి, అందులోని పెట్రోలు ఆవిరి కావడం వల్ల, పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్‌కు సరఫరా తెగిపోతుందని అందరూ మొదట అనుకుంటారు. పంపు మీద తడిగుడ్డ వేయడం పాత డ్రైవర్లందరికీ తెలిసిన చిట్కా. అంతకుముందు వేరొక గ్యారేజీలో ఇదే అనుమానంతో పంపు మార్చారు, అది ఫలించకపోతే నిప్పురవ్వకు కావలసిన కరెంటు పుట్టించే కాయిల్ కూడా మార్చారు, కారు మాత్రం తన పద్ధతి మార్చుకోలేదు.

పెద్దాయన సామానుల పెట్టె తెరవకుండానే ఇంజిను స్టార్ట్ చేసి, దానంతట అది ఆగిపోయేదాకా ఎండలోనే నడవనిచ్చారు. ఆగిన వెంటనే కార్బురేటర్‌కు వెళ్లే పైపు ఊడదీసి, కుర్రాడిని సెల్ఫ్ కొట్టమన్నారు; పైపు చివర పట్టిన సీసాలోకి పెట్రోలు బలంగా చిమ్మింది. తరువాత ప్లగ్గులకు ఆ కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ నడుమ ఉండే తీగను లాగి ఇంజిను ఇనుముకు దగ్గరగా పట్టి చూస్తే, చిటపటమంటూ నీలంగా రావలసిన నిప్పురవ్వ పసుపు రంగులో నీరసంగా వచ్చింది. "పెట్రోలు బాగానే వస్తోందండీ, కరెంటే చాలట్లేదు" అన్నారు. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి చూస్తే, కాయిల్‌కు వెళ్లే కరెంటును కలుపుతూ విడదీస్తూ ఉండే పాయింట్ల ముఖాలు ఒకవైపు గుంట పడి, రెండో వైపు బొడిపె కట్టి కనిపించాయి. తప్పు పాయింట్లది కాదు, వాటి పక్కనే ఉండే చిటికెన వేలంత కండెన్సర్‌ది. లోపలి ఇన్సులేషన్ వేడికి దెబ్బతిన్న కండెన్సర్ చల్లగా ఉన్నంతసేపూ పనిచేస్తుంది. వేడెక్కగానే పాయింట్లు విడిపోయే క్షణంలో వచ్చే కరెంటును అది పట్టుకోలేదు, ఆ కరెంటు పాయింట్ల మధ్యనే మండిపోతుంది, కాయిల్‌లో పుట్టవలసిన వోల్టేజీ పుట్టదు. ఆయన తన దగ్గరున్న పాత నిల్వలోని కండెన్సర్ ఒకటి వేసి, పాయింట్లు మార్చి, వాటి మధ్య ఎడాన్ని సందు కొలిచే ఫీలర్ గేజ్‌తో 0.4 మిల్లీమీటర్లకు సరిచేశారు. ఇది కంటి అంచనాతో చేసే పని కాదు. ఎడం మారితే నిప్పురవ్వ పడే టైమింగ్ కూడా మారుతుందని చెప్పి దాన్నీ మళ్లీ సరిచూశారు. ఆ ఫిర్యాదు తిరిగి రాలేదు. మంచి కండెన్సర్ ఒకటి, పాయింట్ల జత ఒకటి డ్యాష్‌బోర్డు అరలో ఎప్పుడూ ఉంచుకోమన్న ఆయన సలహాను నేను ఇప్పటికీ పాటిస్తున్నాను.

ఇంధనం విషయంలో నాకు అంత సంతృప్తి లేదు. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపడం 2025 నాటికి దేశమంతా అమలుకు వచ్చింది. ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకోకుండా తయారైన పాత రబ్బరు గొట్టాలూ, పంపులో పెట్రోలును తోసే పలుచని పొర డయాఫ్రమూ దానివల్ల ఉబ్బుతాయి లేదా పగుళ్లు తీస్తాయి. అది గాలిలోని తేమను పీల్చుకోవడం వల్ల, ఎక్కువకాలం నిలిపి ఉంచిన కారు ట్యాంకులో తుప్పు పట్టే ప్రమాదం పెరుగుతుంది. పాత ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డి కదిలి కార్బురేటర్ జెట్లకు అడ్డుపడుతుంది. షెడ్డువారు ట్యాంకు దించి కడిగారు, మడ్డి కంటికి కనిపించేలా పారదర్శకమైన చిన్న ఫిల్టర్ కూడా అమర్చారు, అంతవరకు మెచ్చుకోవాలి. గొట్టాల దగ్గరికి వచ్చేసరికి చేతికందిన మామూలు రబ్బరు గొట్టమే వేయబోయారు. ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాన్ని నేనే కొని తెచ్చి ఇవ్వవలసి వచ్చింది. వేడి ఇంజిను మీద కారే పెట్రోలు అంటే నిప్పుతో చెలగాటం కాబట్టి, అక్కడికి వెళ్లేవారు ఈ ఒక్క సామాను మాత్రం తామే తీసుకువెళ్లాలి.

ఆటోనగర్‌లో ఉండటం వల్ల కలిగే అసలైన లాభం గేరు లింకేజీ పనిలో తెలిసింది. స్టీరింగు పక్కనుండే గేరు కర్రకు కింద ఉండే బుష్‌లు అరిగితే, మొదటి గేరుకూ రివర్స్‌కూ మధ్య అది బిగుసుకుపోతుంది. దారిలో అయితే బానెట్ ఎత్తి, స్టీరింగు కాలమ్ అడుగున ఉన్న రెండు లివర్లను చేత్తోనే ఒక వరుసకు తెచ్చి బయటపడవచ్చు. బజారులో దొరికిన బుష్ వదులుగా ఉందని పెద్దాయన దాన్ని పక్కన పడేసి, వెనుక వీధిలోని లేత్ మీద కొలతకు తగినట్టు కొత్తది చేయించారు. తయారీ ఆగిపోయిన కారుకు ఇంతకన్నా నమ్మకమైన స్పేర్ పార్టుల దుకాణం నాకు తెలియదు.

బ్రేకుల పనిలో మాత్రం దగ్గర నిలబడి చూసుకోవాలి. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే ఉన్న ఈ కారులో వెనుక ఎడమ చక్రం సిలిండర్ కారుతుంటే, ఆ ఒక్కదానికే రబ్బర్లు మార్చి సరిపెట్టబోయారు. ఒకే వయసున్న కుడివైపు రబ్బర్లు మరికొన్నాళ్లకు అదే దారి పడతాయి కాబట్టి రెండువైపులా ఒకేసారి మార్చమని గట్టిగా అడిగితే తప్ప చేయలేదు. వైరింగు పని అక్కడ చేయించవద్దని నిస్సంకోచంగా చెబుతాను: తీగలు మెలిపెట్టి టేపు చుట్టడం, ఫ్యూజు లేకుండా హారన్‌కు నేరుగా కరెంటు ఇవ్వడం నేను ఒప్పుకోలేని పద్ధతులు. టింకరింగ్, పెయింటింగ్ వారు చేయరు. ముందు చక్రాల పిన్నులకు గ్రీజు కొట్టడం, కమాన్ కట్టలు సర్దడం వంటి మామూలు పనులు శుభ్రంగా చేస్తారు.

చెప్పిన రోజుకు కారు చేతికి రాదు, అడిగితే తప్ప బిల్లు ఇవ్వరు, ఫోనులో సరిగా జవాబు చెప్పరు. అయితే తీసిన పాత భాగాలన్నీ ఒక గుడ్డ సంచిలో వేసి తిరిగి ఇస్తారు, కూలి ముందే చెబుతారు, చెప్పినదాని కంటే ఎక్కువ ఎన్నడూ అడగలేదు. ఇరవై ఏళ్లు దాటిన కార్ల రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుము 2025 ఆగస్టులో 10,000 రూపాయలకు పెరిగింది కాబట్టి, ఆ గడువు దగ్గరపడిన వారు కనీసం ఒక నెల ముందుగానే కారు ఇక్కడ అప్పగించాలి. ఇంజినూ గేర్లూ పూర్తయ్యాక, తనిఖీకి తీసుకువెళ్లేలోగా వైరింగును మరొకచోట సరిచేయించుకోవడానికి ఆ వ్యవధి అవసరమవుతుంది.